వైద్య విద్యార్థులకు మన సినిమాలతోనే మానసిక వైద్య పాఠాలు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం వస్తుంది. ర్యాలీలు తీస్తారు, కరపత్రాలు పంచుతారు, కళాశాలల్లో వక్తృత్వ పోటీలు పెడతారు, పత్రికలు ప్రత్యేక వ్యాసాలు వేస్తాయి. అయితే రేపు ఈ రోగులను చూడవలసిన వైద్య విద్యార్థులకు ఈ రోగాలను మనం ఎలా నేర్పుతున్నామన్న సంగతి ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ చర్చకు రాదు. రాయలసీమలోని ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మానసిక వైద్యం బోధించి పదవీ విరమణ చేసినవాడిగా ఆ సంగతి గురించే ఈ లేఖ రాస్తున్నాను. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మానసిక వ్యాధుల బోధనకు కథాచిత్రాలను, అందులోనూ మన జనం చూసి గుర్తుపెట్టుకున్న తెలుగు సినిమాలను, ఒక పద్ధతి ప్రకారం వాడాలన్నది నా మనవి. రోగాన్ని సరిగ్గా చూపిన సినిమాలు ఎంత అవసరమో, తప్పుల తడకగా చూపినవి కూడా అంతే అవసరమని, ఒక్కోసారి అవే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ఎంబీబీఎస్ చదువులో మానసిక వైద్యానికి విడిగా పరీక్ష లేదు. జనరల్ మెడిసిన్ ప్రశ్నపత్రంలో ఒక మూలన దానికి చోటు దొరుకుతుంది. వార్డు పోస్టింగులు కొద్ది వారాలు, ఇంటర్న్‌షిప్‌లో రెండు వారాలు. ఆ కొద్ది కాలంలో కూడా చాలామంది విద్యార్థులు పీజీ ప్రవేశపరీక్ష పుస్తకాలతో గ్రంథాలయంలోనే ఉంటారు. మార్కులు రాని చోట మనసు నిలవకపోవడం సహజం కనుక ఇందులో తప్పంతా వారిదే అనలేము. కానీ అదే విద్యార్థి రెండేళ్లు తిరక్కముందే ఆలూరు దగ్గరో, కళ్యాణదుర్గం దగ్గరో, బద్వేలు దగ్గరో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా కూర్చుంటాడు. గుండె దడ అనో, ఒళ్లంతా మంటలనో, నెలల తరబడి నిద్ర లేదనో చెప్పుకుంటూ వచ్చే రైతు లోపల కుంగిపోయి ఉన్నాడని ఆ కుర్ర డాక్టరు గుర్తించకపోతే విటమిన్ మాత్రలు, ఒక సూది మందుతో ఆ రైతును ఇంటికి పంపేస్తాడు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది అనంతపురం పల్లెల్లో ఆ రైతు ఆ తర్వాత ఎక్కడ తేలతాడో మీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. క్యాజువాలిటీలో పురుగుమందు తాగి వచ్చినవారికి కడుపు కడిగి, అట్రోపిన్ ఎక్కించి ప్రాణం నిలబెట్టడం మన హౌస్ సర్జన్లకు బాగా వచ్చు. మూడో రోజు ఆ మనిషి పక్కన కూర్చుని, ఏం జరిగిందన్నా అని అడగడమే వారికి నేర్పలేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, అతనికి చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిదేనని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. చట్టంలో ఉన్న ఆ మాట వార్డులో నడవాలంటే దాన్ని నడిపించే డాక్టరు తయారు కావాలి.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపి 2016లో వెల్లడించిన జాతీయ సర్వే ప్రకారం వేర్వేరు మానసిక రుగ్మతల్లో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఇంతటి ఖాళీని మానసిక వైద్య నిపుణులతోనే పూడ్చడం అయ్యే పని కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇస్తే ఈ రోగులను పల్లెలోనే చూసుకోవచ్చని మనకు పొరుగునే ఉన్న బళ్లారి జిల్లాలో 1980ల నడిమి కాలంలోనే నిమ్హాన్స్ చేసి చూపించింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారి అనుభవమే పునాది. కాబట్టి మానసిక వైద్యం ఎవరికి నేర్పాలన్న ప్రశ్నకు, మామూలు ఎంబీబీఎస్ డాక్టరుకు నేర్పాలన్న జవాబు మన గుమ్మం ముందే చాలాకాలంగా ఉంది. ఎలా నేర్పాలన్నదే మిగిలిన ప్రశ్న.

సినిమా ఎందుకంటే, రోగి కుటుంబం ఆసుపత్రి మెట్లు ఎక్కేటప్పటికే దాని బుర్రలో ఒక సినిమా నడుస్తూ ఉంటుంది. ఓపీలో నేను చూసిన ఒక తల్లి సంగతి చెబుతాను. పత్తికొండ వైపు పల్లె ఆమెది. డిగ్రీ చదువుతున్న కొడుకు నెలరోజులుగా గదిలోంచి బయటికి రావడం లేదు, అన్నం మానేశాడు, నిలబెడితే నిలబడిన చోటే బొమ్మలా ఉండిపోతున్నాడు. చేతికి రెండు తాయెత్తులు, మెడలో ఒక అంత్రం ఉన్నాయి. వివరాలు అడగడం ఇంకా పూర్తి కాకముందే ఆమె కుర్చీలోంచి లేచి, "సామీ, కరెంటు మాత్రం పెట్టొద్దు సామీ, మా పిల్లోడు తట్టుకోల్యాడు, సినిమాల్లో సూసినాం గదా" అని రెండు చేతులూ జోడించింది. నా పక్కన నిలబడిన విద్యార్థులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొందరికి నవ్వు వచ్చింది. ఆమె ఏ దృశ్యం గురించి చెబుతోందో వారికి బాగానే తెలుసు, ఎందుకంటే అలాంటివి వారూ చూశారు. తెలియనిదల్లా ఆమెకు ఏం జవాబు చెప్పాలన్నదే.

ఆమెకు చెప్పవలసిన జవాబు పెద్దదేమీ కాదు. విద్యుత్ మూర్ఛ చికిత్స, అంటే ఈసీటీ, 1938లో రోమ్ నగరంలో మొదలైంది. తొలి రోజుల్లో మత్తుమందు లేకుండానే ఇచ్చేవారు, ఎముకలు విరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడు మత్తు డాక్టరు పక్కనుండి మత్తుమందు, కండరాలను వదులు చేసే మందు ఇచ్చిన తర్వాతే కొద్ది సెకన్ల పాటు విద్యుత్తు పంపుతారు. రోగికి నొప్పి తెలియదు. చూసేవారికి కాలి వేళ్లు కాస్త అదరడం తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. కొన్ని నిమిషాల్లో మెలకువ వస్తుంది. కొందరికి కొంతకాలం జ్ఞాపకాల్లో తడబాటు ఉంటుంది, ఆ మాట దాచకుండా ముందే చెప్పాలి. మత్తు, కండరాల మందు లేకుండా ఈ చికిత్స ఇవ్వడాన్ని 2017 చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. అన్నపానాలు మాని బిగుసుకుపోయిన మనిషికి, క్షణక్షణం చావు గురించే ఆలోచించే మనిషికి ఇది ప్రాణం నిలిపే చికిత్స. తెరమీద మాత్రం దశాబ్దాలుగా ఇది శిక్షగానే కనబడుతోంది. విలన్ మనుషులు హీరోను మంచానికి కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కి, స్విచ్ వేస్తారు. నిప్పురవ్వలు లేస్తాయి, అరుపులు వినిపిస్తాయి. మరుసటి దృశ్యంలో ఆ మనిషి జీవచ్ఛవం. ఈ తీరు మన దగ్గర పుట్టిందేమీ కాదు, 1975లో వచ్చి ఐదు ఆస్కార్లు గెలిచిన హాలీవుడ్ చిత్రం 'వన్ ఫ్లూ ఓవర్ ద కకూస్ నెస్ట్' ప్రపంచమంతటికీ ఈసీటీని అణచివేతకు గుర్తుగా చూపించింది. అది గొప్ప సినిమా. కాకపోతే ఆ గొప్పదనానికి మా రోగులు ఇప్పటికీ మూల్యం చెల్లిస్తున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో వైద్య విద్యార్థులకు సినిమాల్లోని ఈసీటీ దృశ్యాలు చూపించి, ముందూ వెనకా వారి అభిప్రాయాలు అడిగారు. చూసిన తర్వాత దాదాపు మూడో వంతు మందికి ఆ చికిత్సపై సుముఖత తగ్గిపోయింది. తమ వాళ్లెవరైనా ఆ చికిత్స చేయించుకుంటామంటే వద్దని చెబుతామన్నవారు పది శాతం లోపు నుంచి దాదాపు పాతిక శాతానికి పెరిగారు. వైద్యం చదువుతున్న పిల్లలే కాసేపు చూసిన దృశ్యాలకు ఇంతగా చలించిపోతే, పత్తికొండ తల్లి భయపడటంలో వింతేముంది? అందుకే ప్రొజెక్టర్ పెట్టి సినిమా వేసి, అధ్యాపకుడు స్టాఫ్ రూముకు వెళ్లిపోయే పద్ధతిని నేను అడగడం లేదు. దృశ్యం ఆగిన చోట పాఠం మొదలుపెట్టే అధ్యాపకుడు లేకపోతే సినిమా చూపకపోవడమే మేలు. ఈసీటీ దృశ్యం చూపించిన రోజే విద్యార్థులను నిజమైన ఈసీటీ గదికి తీసుకువెళ్లాలి. రోగి, కుటుంబం అనుమతితో, ఒకసారికి ఇద్దరు ముగ్గురు చొప్పున నిలబెట్టి ఆ కాలి వేళ్ల కదలిక చూపించాలి. తెరమీద చూసినదానికీ, బల్లమీద చూసినదానికీ ఉన్న తేడాను పత్తికొండ తల్లికి అర్థమయ్యే తెలుగులో ఒక్కో విద్యార్థి చేత చెప్పించాలి. చెప్పలేకపోతే మళ్లీ చెప్పించాలి.

ఇంతకూ ఏ సినిమాలు అంటారా? 2005లో కొద్ది నెలల తేడాతో 'చంద్రముఖి', 'అపరిచితుడు' మన ఊళ్ల హాళ్లలో ఆడాయి. రెండూ తమిళం నుంచి వచ్చినవే, రెండింటిలోనూ ఒకే శరీరంలో ఇంకొకరు ఉన్నట్టు చూపించారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఓపీలో ఏ రోగం పేరు చెప్పినా, "అంటే అపరిచితుడు లాగానా సార్" అని అడగడం మామూలైపోయింది. నిజానికి పూర్తి స్థాయి బహుళ వ్యక్తిత్వ రుగ్మత చాలా అరుదు. స్కిజోఫ్రీనియా అంటే మనిషి రెండుగా చీలి హత్యలు చేయడమన్న అపోహ మాత్రం చదువుకున్నవారిలో కూడా పాతుకుపోయింది. చెవిలో మాటలు వినిపించి, తన గురించి ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు అనిపించి, భయంతో మూల కూర్చున్న కుర్రవాడిని చూసి ఇరుగుపొరుగు తలుపులు వేసుకునేది ఈ అపోహ వల్లే. ఈ రోగులు ఇతరులకు హాని చేయడం కంటే ఇతరుల చేతిలో హింసకు గురికావడమే ఎక్కువన్న సంగతి ఎవరికీ పట్టదు.

'చంద్రముఖి'లో ఆ మంచం ఎత్తే దృశ్యాన్ని నేను పాఠంగా ఎలా వాడతానో వివరిస్తే నా ఉద్దేశం స్పష్టమవుతుంది. బయటికి వెళతానన్న గంగను భర్త వద్దంటాడు. ఆమె గొంతు మారుతుంది, చూపు మారుతుంది, ఒంటిచేత్తో మంచాన్ని పైకెత్తుతుంది. మళ్లీ మామూలు గంగ అయిపోతుంది, జరిగింది ఆమెకు గుర్తు లేదు. ముందు దృశ్యాన్ని శబ్దం లేకుండా చూపించాలి. విద్యార్థులు చూసింది చూసినట్టు మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్, అంటే రోగి మానసిక స్థితి పరీక్ష, పద్ధతిలో కాగితం మీద పెట్టాలి. ముఖం ఎలా ఉంది, కదలికలెలా ఉన్నాయి, ఎదుటివారితో చూపు కలిపిందా, భావోద్వేగం ఎంత వేగంగా మారింది, ఇవన్నీ. రోగం పేరు రాసిన విద్యార్థికి ఆ పూట మార్కు ఉండదు, ఎందుకంటే చూడకముందే పేరు పెట్టేయడం మన కుర్ర డాక్టర్ల పెద్ద జబ్బు. రెండోసారి శబ్దంతో చూపించి, మాట తీరు, ఆలోచనల వరుస రాయించాలి. అప్పుడు అడగాలి, ఇది ఏ క్షణంలో మొదలైందని. భర్త వద్దన్న క్షణంలో అని ఎవరో ఒకరు తప్పకుండా పట్టుకుంటారు. అక్కడి నుంచి పాఠం నేరుగా మన పల్లెల్లోకి వస్తుంది. కొత్తగా కాపురానికి వెళ్లిన పిల్లకు ఒంటిమీదికి దేవర వచ్చిందని తీసుకొస్తారు. ఆ ఇంట్లో ఆమె నోరు విప్పి మాట్లాడగలిగేది దేవర వచ్చినప్పుడే కావచ్చు. అత్తమామలు ఆమె మాట వినేదీ అప్పుడే కావచ్చు. ఆవహించినట్టు ఉండే స్థితిని అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ కూడా విడిగా గుర్తించింది. అయితే జాతరలో, పండుగలో అందరి ఆమోదంతో వచ్చే పూనకం రోగం కాదన్న విచక్షణ కూడా అందులోనే ఉంది. సీమలో పనిచేసే డాక్టరుకు ఈ తేడా తెలియకపోతే భక్తురాలికి మాత్రలు రాస్తాడు, రోగిని గుడికి పంపుతాడు.

అదే సినిమా చివర డాక్టరు, మంత్రవాది కలిసి ఒక నాటకం ఆడి ఆమెను ఒక్క రాత్రిలో నయం చేస్తారు. ఒక్క దెబ్బతో నయం కావడం సినిమాకే చెల్లింది, ఆ మాట గట్టిగా చెప్పాలి. కానీ గుడి, దర్గా చుట్టూ తిరిగే కుటుంబంతో డాక్టరు పేచీ పెట్టుకోవాలా, వారి నమ్మకాన్ని కించపరచకుండా మందులు కొనసాగించేలా మాట్లాడాలా అన్న చర్చకు ఇంతకంటే మంచి దృశ్యం నాకు కనబడలేదు. నమ్మకం పేరుతో ఎక్కడిదాకా వెళ్లకూడదో కూడా అదే రోజు చెప్పాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా పరిసరాల్లోని ఒక ఆశ్రయంలో నిప్పు అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక కాలిపోయారు. ఈనాటి చట్టంలో రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదన్న నిషేధం విడిగా, స్పష్టంగా రాసి ఉంది. తెరమీద కాళ్లకు సంకెళ్లతో తిరిగే 'పిచ్చివాడు' కనబడి హాలంతా నవ్వినప్పుడు ఈ 28 మంది మన విద్యార్థులకు గుర్తు రావాలి.

హాస్యం పేరుతో జరిగేది మరో నష్టం. అతిశుభ్రతను నవ్వులాటగా మలిచిన 'మహానుభావుడు' 2017లో వచ్చింది. జనం హాయిగా నవ్వుకున్నారు, ఓసీడీ, అంటే వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలతో చేసిన పనే చేయించే రోగం, అన్న పేరు పల్లెదాకా చేరింది, ఆ మేరకు మంచిదే. కానీ నిజమైన రోగి ముఖంలో నవ్వు ఉండదు. మురికి అంటిందన్న ఆలోచన తనదేనని, అర్థం లేనిదని తెలిసి కూడా ఆపుకోలేక గంటల తరబడి చేతులు కడుగుతూ, సబ్బుకు చర్మం పగిలి, ముందు చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి ఎప్పటికో మా దగ్గరికి వస్తారు. నీళ్లు నాలుగు రోజులకోసారి వచ్చే అనంతపురం వీధిలో ఈ రోగం ఎలా ఉంటుందో ఊహించండి. ఇంటిల్లిపాదికీ పట్టుకున్న డ్రమ్ము నీళ్లు కోడలి చేతుల కింద అయిపోతాయి. అత్త తిడుతుంది, మొగుడు కొడతాడు, ఆమె ఏడుస్తూ మళ్లీ కడుక్కుంటుంది. ఈ ఇంటిని ఏ సినిమా చూపించలేదు. హాస్య దృశ్యం పది నిమిషాలు చూపించి, అదే మనిషికి ఈ నీళ్లు లేని ఇల్లు ఇస్తే కథ ఎలా నడుస్తుందో రాసుకు రమ్మని విద్యార్థులకు చెబితే ఆ రాసుకురావడంలోనే సగం మానసిక వైద్యం వారికి వంటబడుతుంది. మిగతా సగం, అంటే మందుల మోతాదులు, ఆందోళనను ఎదుర్కొంటూ కడుక్కోకుండా ఉండే సాధన, పుస్తకంలో ఉంది.

మద్యం సంగతికి వస్తే, 1953 నాటి 'దేవదాసు' నుంచి నేటిదాకా మన తెర సీసాను భగ్నప్రేమకు ఆభరణంగా చూపిస్తూనే ఉంది. నిస్పృహ అంటే గడ్డం, శాలువా, పాట అని మన కుర్రవాళ్లు నేర్చుకున్నది అక్కడే. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతుందన్నది ఏ కథానాయకుడికీ జరగదు. ఎముకల వార్డులో మాత్రం తరచూ జరుగుతుంది. బండి మీద నుంచి పడి కాలు విరిగి చేరిన మనిషి రెండు రోజులు బాగానే ఉంటాడు. మూడో రోజు రాత్రి చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని దులుపుతాడు, కట్టు పీకేసుకుని లేవబోతాడు. గాలి సోకిందని బంధువులు, గొడవ చేస్తున్నాడని సిబ్బంది అనుకుంటారు. ఇది తాగుడు ఉన్నట్టుండి ఆగడం వల్ల వచ్చే ప్రాణాపాయమైన మద్యవిరమణ సన్నిపాతమని గుర్తించవలసినవాడు ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఒక్క హౌస్ సర్జనే. సినిమా దాచిన మూడో రోజును చూపించడానికి ముందు సినిమా చూపించిన మొదటి రోజును చూపించడం మంచి మార్గమని నా నమ్మకం.

మంచి సినిమాలూ లేకపోలేదు. సావిత్రి నర్సుగా నటించిన 'చివరకు మిగిలేది' 1960లో వచ్చింది. బెంగాలీ చిత్రం 'దీప్ జ్వేలే జాయ్' దానికి మూలం. ప్రేమ నటించి రోగిని బాగుచేయమని పెద్ద డాక్టరు నర్సును నియోగించడం, ఆ నటనలో నర్సు మనసే చితికిపోయి చివరకు ఆమే రోగి కావడం అందులోని కథ. చికిత్స చేసేవారికీ, చేయించుకునేవారికీ మధ్య ఉండవలసిన హద్దు గురించి, ప్రయోగం పేరుతో కింది ఉద్యోగి మీద పడే భారం గురించి, వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడటానికి ఇంతకు మించిన తెలుగు చిత్రం నాకు తెలియదు. ఇవాళ వైఖరి, నైతికత, సంభాషణ నైపుణ్యాల పేరుతో వైద్య విద్యా ప్రణాళికలో కేటాయించిన గంటలను చాలాచోట్ల ఎలా నింపాలో తెలియక సతమతమవుతున్నారు. ఆ గంటలకు ఈ సినిమా అతికినట్టు సరిపోతుంది. స్కిజోఫ్రీనియాకు 2001 నాటి హాలీవుడ్ చిత్రం 'ఎ బ్యూటిఫుల్ మైండ్' వాడవచ్చు. 1994లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన గణితవేత్త జాన్ నాష్ జీవితం ఆధారంగా తీసింది అది. అయితే నిజజీవితంలో నాష్‌కు ప్రధానంగా మాటలు వినిపించాయి, సినిమాలో మనుషులే కనిపిస్తారు. నాష్ 1970 తర్వాత మందులు వాడలేదు, సినిమాలో కొత్త మందులు వాడుతున్నట్టు చెప్పించారు. ఈ రెండు మార్పులూ ఎందుకు చేసి ఉంటారని అడిగితే తరగతి మొత్తం కదులుతుంది.

అన్నిటికంటే ఎక్కువ కుటుంబాలను కూల్చిన సినిమా సూత్రం మాత్రం పెళ్లి. "పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు" అన్న సామెత మన తాతల నాటిది, తెర దాన్ని పాటలు పెట్టి పోషించింది. అమాయకుడికో, మతి చలించినవాడికో ఒక మంచి పిల్ల తాళి కట్టించుకుంటే చాలు, అతను దారిలో పడతాడు. రోగం దాచి పెళ్లి చేసి, పెళ్లి హడావుడిలో మాత్రలు ఆపేసి, మూడో నెలలో ఇద్దరినీ ఆసుపత్రికి తెచ్చిన ఇళ్లు మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి. పెళ్లి చేయొచ్చా సార్ అని అడిగే తండ్రికి, చేయొద్దు అని కోపంగా కాకుండా, దాచొద్దు, మందులు ఆపొద్దు, అవతలివారికి చెప్పి చేయండి అని ఓపికగా చెప్పడం కూడా చికిత్సలో భాగమే. ఆ సంభాషణను సినిమా దృశ్యం పక్కన పెట్టి తరగతిలో ఇద్దరు విద్యార్థుల చేత నటింపజేస్తే వారు జీవితంలో మరచిపోరు.

సహ అధ్యాపకులు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. సిలబస్‌కే సమయం లేదంటారు. నేను అడిగేది మూడు గంటల సినిమా కాదు, పోస్టింగులో వారానికొక మధ్యాహ్నం, పదిహేను నిమిషాలకు మించని దృశ్యం, గంట చర్చ, ఆ వెంటనే వార్డు. హక్కుల సమస్య వస్తుందంటారు. విద్యాసంస్థలో సిబ్బందికి, విద్యార్థులకే పరిమితమై బోధనలో భాగంగా చిత్రం ప్రదర్శించుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇచ్చింది. నిజమైన రోగులే ఉండగా సినిమా ఎందుకంటారు. ఇది గట్టి ప్రశ్నే, రోగి స్థానాన్ని ఏ సినిమా భర్తీ చేయలేదు. కానీ ఇరవై మంది విద్యార్థులు చుట్టుముట్టి, నీకు చెవిలో ఏం వినిపిస్తుందని ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే తలవంచుకు కూర్చున్న ఆడపిల్లను చూసినవారెవరూ ఆ పద్ధతిని సమర్థించరు. తడబడుతూ నేర్చుకోవలసిన తొలి పాఠాలు తెరమీది పాత్ర దగ్గర నేర్చుకుంటే, రోగి దగ్గరికి వెళ్లేసరికి విద్యార్థి మాట మెత్తబడుతుంది. తెరమీది పాత్రను ఎన్నిసార్లయినా ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, ఆమెకు అవమానం జరగదు.

ఇంకొక ప్రయోజనం ఉంది. అఖిల భారత కోటాలో వచ్చిన ఇతర రాష్ట్రాల విద్యార్థులకు తెలుగు రాదు. కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చే రోగి భాషలో బాధను ఎలా చెప్పుకుంటాడో, ఒప్పుకోవడం, దాటవేయడం, అలగడం తెలుగులో ఎలా ఉంటాయో వారికి పాఠ్యపుస్తకం నేర్పదు. తెలుగు సినిమా కొంతవరకు నేర్పుతుంది.

విద్యార్థుల క్షేమం గురించి ఒక్క నియమాన్ని మాత్రం రాజీ లేకుండా పాటించాలి. ఆత్మహత్యను వివరంగా చూపే దృశ్యాలు ఏ బోధనా ప్రయోజనం కోసమైనా చూపరాదు. కుంగుబాటు గురించిన దృశ్యం వేసే ముందు ఆ మాట ముందుగా చెప్పి, వెళ్లిపోదలచినవారిని కారణం అడగకుండా వెళ్లనివ్వాలి. ఆ గదిలో కూర్చున్నవారిలో అదే బాధ అనుభవిస్తున్నవారు ఉండవచ్చు, వైద్య విద్యలో ఉన్న ఒత్తిడి అలాంటిది. తరగతి ముగిశాక విడిగా మాట్లాడటానికి అధ్యాపకుడు ఆగాలి. 2022 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ ఉచిత నంబరు 14416ను తెరమీద మొదటా చివరా చూపించాలి. తెలుగులోనే మాట్లాడతారు, విద్యార్థులకే కాదు, ఈ లేఖ చదివే మీ పాఠకుల్లో ఎవరికి అవసరమున్నా ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు.

మూడు కళాశాలల మానసిక వైద్య విభాగాలు కలిసి కూర్చుని, రోగానికి రెండు మూడు దృశ్యాల చొప్పున ఒక ఉమ్మడి సంకలనం తయారు చేసుకుంటే సరిపోతుంది. ఒక్కో దృశ్యం వెంట అడగవలసిన ప్రశ్నలు, ఇవ్వవలసిన సరైన సమాచారం, వార్డులో చూపవలసిన అంశం ఒక పేజీలో రాసి పెట్టాలి. వాడకముందూ వాడిన తర్వాతా విద్యార్థుల అవగాహనను కొలిచి, పనికిరాని దృశ్యాలను తీసేయాలి. దీనికి కొత్త నిధులు, కొత్త భవనాలు అక్కరలేదు. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ గంటలను హాజరులో, అంతర్గత మూల్యాంకనంలో లెక్కించేందుకు అనుమతిస్తే విద్యార్థులు గ్రంథాలయం వదిలి తరగతికి వస్తారు. ఈ సంకలనం తయారీలో దృశ్యాల ఎంపికకు, ప్రశ్నల రూపకల్పనకు నా చేతనైన సాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాను. ఆసక్తి ఉన్న అధ్యాపకులు మీ పత్రిక ద్వారా నన్ను సంప్రదించవచ్చు.

భవదీయుడు,
మానసిక వైద్య విశ్రాంత అధ్యాపకుడు,
కర్నూలు